కొత్త క్యాంపర్‌తో మొదటి దూరప్రయాణం: ముందు తూకం వేయించండి

ప్రశ్న: ప్లేనోలో ఉంటాం. నేను, నా భార్య, పదేళ్ల బాబు. మా హాఫ్ టన్ తరగతి పికప్ మీదకి ఈమధ్యే కొత్త పాప్‌అప్ క్యాంపర్ (రూఫ్ ఎత్తితే గుడ్డ గోడలు విచ్చుకునే చిన్న గది) ఎక్కించాం. మే మధ్యలో పది రోజులు సెలవు దొరికింది. యూటాలో మోయాబ్ చూసుకుని, అక్కడినుంచి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్లి తిరిగి రావాలని ప్లాన్. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగుదామనుకుంటున్నాం. టెంట్లో పడుకున్న అనుభవం ఉంది కానీ ఇలాంటి బండి ఎప్పుడూ నడపలేదు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద 1,940 పౌండ్లు అని ఉంది, క్యాంపర్ బ్రోచర్లో 1,150 అని ఉంది. కాబట్టి బరువుతో సమస్య లేదు. పైగా వెనక ఎయిర్ స్ప్రింగులు వేయించుకుంటే ఎంతైనా మోస్తుందని అమ్మినతను చెప్పాడు. మా ఆవిడకి మాత్రం టెన్షన్‌గా ఉంది: గుడ్డ గోడలు, చలి, ఎలుగుబంట్లు. బాబేమో దారిలో పైబెడ్ మీద పడుకుని వస్తానంటున్నాడు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలో, ఏమేం సర్దుకోవాలో చెప్పండి.
ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: సమస్య లేదని మీరు దాటేసిన చోటే నేను ఆగిపోయాను. గుడ్డ గోడల గురించీ, ఎలుగుబంట్ల గురించీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు బరువు సంగతి తేలాలి. 1,940లోంచి 1,150 తీసేస్తే దాదాపు 800 పౌండ్లు మిగులుతాయని మీరు లెక్కేసుకున్నారు. ఆ లెక్కలో చాలా వదిలేశారు.

డోర్ దగ్గరున్న స్టిక్కర్ ఇంకోసారి చదవండి. అందులో రాసింది మనుషులు, సామాను అంతా కలిపి ఆ బండి మొయ్యగలిగే బరువు. స్టీరింగ్ ముందు కూర్చునే మీరు కూడా ఆ 1,940లోకే వస్తారు. ఇక బ్రోచర్లో వేసే బరువు మామూలుగా ఖాళీ క్యాంపర్‌ది. ఫర్నేస్, ఫ్రిజ్, బ్యాటరీ, సోలార్ ప్యానెల్, పక్కకి విప్పుకునే ఆనింగ్ లాంటివి విడిగా పెట్టించుకుని ఉంటే అవి అందులో కలవవు. వాటికి తక్కువలో తక్కువ 200 పౌండ్లు వేసుకుందాం. అంటే క్యాంపరే 1,350 అయింది. నీళ్లు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు. 20 గ్యాలన్ల ట్యాంకు నింపితే 167. నిండు ప్రొపేన్ సిలిండర్, అదే ఇరవై పౌండ్లదని అందరూ పిలిచేది, ఇనుముతో కలిపి 37 దాకా ఉంటుంది. మీ ముగ్గురికీ కలిపి 355 అనుకుందాం. బట్టలు, పరుపులు, వంటసామాను, కుర్చీలు, టూల్స్, తిండి అన్నీ కలిపి 200 అంటే అది చాలా పొదుపుగా సర్దుకున్న కుటుంబం లెక్క. మొత్తం కూడండి. 2,109. స్టిక్కర్ మీదున్న అంకెకన్నా దాదాపు 170 పౌండ్లు ఎక్కువ. బండి కొన్నాక బెడ్‌లోకి, అంటే పికప్ వెనక తొట్టిలోకి, లైనర్ లాంటిది వేయించి ఉంటే అదీ కలపాలి. టెయిల్‌గేట్ తీసేసి ఉంటే కొంత కలిసొస్తుంది.

ఎయిర్ స్ప్రింగుల మాటకొస్తే, అమ్మినతను చెప్పింది నమ్మకండి. అవి చేసేది ఒకటే: కుంగిన వెనక భాగాన్ని పైకి లేపి బండిని సమంగా నిలబెడతాయి. ఊగడం కూడా కాస్త తగ్గుతుంది. వేయించుకోవడం మంచిదే. కానీ యాక్సిల్ (ఇరుసు), బ్రేకులు, చక్రాలు, టైర్లు ఎంత మొయ్యగలవో దాన్ని అవి ఒక్క పౌండ్ కూడా పెంచవు. బండి వెనకభాగం కుంగకపోయేసరికి బరువు ఎక్కువైందన్న సంగతి కూడా తెలియకుండా పోతుంది. అసలు భయం అక్కడే.

ఇదంతా మిమ్మల్ని ఆపడానికి కాదు. 170 పౌండ్లు తగ్గించుకోదగ్గ తేడానే. ట్యాంకు నింపకుండా 5 గ్యాలన్లతో బయల్దేరితే 125 పౌండ్లు అక్కడే పోతాయి. దారిలో దాదాపు ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ నీళ్లు పట్టుకోవచ్చు. మోయాబ్ ఊళ్లోనూ దొరుకుతాయి. ఇంట్లోంచే మోసుకెళ్లాల్సిన అవసరం లేదు. మిగతా 45 పౌండ్లు, ఇంకొంచెం వెసులుబాటు, సామానులోంచి తీయాలి. ఏం తీయాలో కింద చెబుతాను.

అయితే నేను వేసింది కాగితం మీద లెక్క. అసలు లెక్క తూకంలోనే తేలుతుంది. హైవేల పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బోర్డు కనిపిస్తుంది. పెద్ద లారీల కోసం పెట్టిందే అయినా పికప్‌లు కూడా తూస్తారు, ఖర్చు కూడా పెద్దదేం కాదు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని, ప్రయాణానికి సర్దిన సామానంతా పెట్టుకుని, ముగ్గురూ బండిలో కూర్చుని వెళ్లండి. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద ఉండేలా ఆపాలి. చీటీలో ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, మొత్తం బరువు వేరువేరుగా వస్తాయి. వాటిని డోర్ దగ్గరే ఉండే రెండో స్టిక్కర్‌తో పోల్చండి. దాని మీద బండి మొత్తం బరువు పరిమితి, ఒక్కో యాక్సిల్ పరిమితి ఉంటాయి. క్యాంపర్ బరువు ఎక్కువగా వెనక పడుతుంది కాబట్టి మొత్తం సరిపోయినా వెనక యాక్సిల్ దాటిపోయే సందర్భాలుంటాయి. అదే చీటీ పట్టుకుని టైర్ల దగ్గరికి వెళ్లండి. టైరు పక్కగోడ మీద అది మొయ్యగలిగే గరిష్ఠ బరువు అచ్చేసి ఉంటుంది. దానికి రెండింతలు మీ వెనక యాక్సిల్ బరువుకన్నా బాగా ఎక్కువ ఉండాలి, సరిగ్గా అంచు మీద కాదు. కొత్త బండితో వచ్చిన టైర్లు కార్ల తరహావైతే, లైట్ ట్రక్ తరగతి టైర్లకి మారడం గురించి టైర్ల షాపులో మాట్లాడండి. ఈ ప్రయాణం మీద పెట్టే డబ్బులో అన్నిటికన్నా ముందు పెట్టాల్సింది దాని మీదే. గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. ఎండలో నడిచాక చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేసేవాళ్లుంటారు. అలా చెయ్యకండి.

ఇక దారి. ప్లేనో నుంచి మోయాబ్ వెయ్యి మైళ్ల చిల్లర. అక్కడినుంచి ఎల్లోస్టోన్ పడమటి గేటు ఇంకో 550. తిరుగుప్రయాణం 1,300 పైనే. పది రోజుల్లో దాదాపు మూడు వేల మైళ్లు, అదీ నడపడం ఇంకా అలవాటు కాని బండితో. మీరు చూసేది రోడ్డే అవుతుంది. ఈసారికి ఎల్లోస్టోన్ వదిలేయండి అని గట్టిగా చెబుతున్నాను. దూరం ఒక్కటే కాదు కారణం. మే మధ్యలో అక్కడ రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి, మంచు కూడా పడొచ్చు. మీరనుకున్న ఫిషింగ్ బ్రిడ్జ్‌లో మిమ్మల్ని అసలు ఉండనివ్వరు కూడా. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి గట్టి గోడలున్న బండ్లనే అనుమతిస్తారు. టెంట్లు కుదరవు, గుడ్డ గోడల క్యాంపర్లు కూడా కుదరవు. పాప్‌అప్ కొన్నవాళ్లు చాలామంది తమది ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) కదా అనుకుంటారు. పార్కు దృష్టిలో మాత్రం గోడ గుడ్డదైతే అది టెంట్ కిందే లెక్క. ఆగస్టులోనో సెప్టెంబరు మొదట్లోనో వెళ్లి, మాడిసన్ లాంటి టెంట్లు వేసుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగండి. అప్పుడైనా ముందురోజు రూల్స్ చూసుకోవాలి, ఎలుగు తిరుగుతోందంటే కొన్నాళ్లు టెంట్లని ఆపేస్తుంటారు.

పది రోజులూ మోయాబ్ వైపే పెట్టుకుంటే ప్రయాణం ఎంత హాయిగా మారుతుందో చూడండి. మొదటిరోజు అమరిల్లో దగ్గర పాలో డురో కాన్యన్ స్టేట్ పార్కులో ఆగండి. ఆరేడు గంటల డ్రైవింగ్. కాన్యన్‌లోకి దిగే రోడ్డు బాగా వాలుగా ఉంటుంది, అక్కడే లో గేర్‌లో దిగడం అలవాటు చేసుకోవచ్చు. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. బరువుతో నడిపేటప్పుడు వాడే టో హాల్ బటన్ ఉంటే నొక్కి, ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగండి. రెండోరోజు న్యూ మెక్సికోలో శాంటా ఫే పరిసరాల్లో, మూడోరోజు మోయాబ్. అక్కడ నాలుగు రాత్రులు ఉన్నా తిరిగి రావడానికి తీరిగ్గా మూడు రోజులుంటాయి.

మోయాబ్‌లో ఎక్కడ దిగాలన్నది మీరు అడగలేదు కానీ చెప్పాల్సిందే, ఎందుకంటే మీ క్యాంపర్ విలువంతా అక్కడే తెలుస్తుంది. ఆర్చెస్ పార్కు లోపల డెవిల్స్ గార్డెన్ అనే ఒకటే క్యాంప్‌గ్రౌండ్ ఉంది, సీజన్లో నెలల ముందే నిండిపోతుంది. ఖాళీ ఉందేమో చూడండి, లేకపోతే బాధపడకండి. 128వ నంబరు రోడ్డు వెంట కొలరాడో నది ఒడ్డునే బీఎల్ఎమ్ (ప్రభుత్వ భూములు చూసే శాఖ) వాళ్ల చిన్న చిన్న క్యాంప్‌గ్రౌండ్లున్నాయి. చాలావరకు ముందొచ్చినవాళ్లకే చోటు. నీళ్ల కుళాయిలు ఉండవు. పెద్ద ట్రెయిలర్లు తిరగలేని మలుపుల్లో కూడా మీ పికప్ ఇట్టే తిరుగుతుంది. ఎర్రటి రాతిగోడల మధ్య, కింద నది పారుతుంటే, మీ అబ్బాయికి ఆ చోటు చాలాకాలం గుర్తుంటుంది. వారం మధ్యలో, పొద్దున పదింటిలోపు చేరుకోండి. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వీకెండ్‌కి ఒక్కరోజు ముందైనా సరే అక్కడినుంచి బయటపడేలా తేదీలు చూసుకోండి. ఊరి చుట్టుపక్కల బీఎల్ఎమ్ భూముల్లో చాలాచోట్ల సొంత పోర్టబుల్ టాయిలెట్ ఉండి తీరాలి, మలం మూటగట్టి వెనక్కి తెచ్చుకోవాలి. పాత్రలు కడిగిన నీళ్లు కూడా నేల మీద పారబోయకూడదు. సింకు గొట్టం కింద ఒక డబ్బా పెట్టి, మురికినీళ్లు వదిలే డంప్ స్టేషన్‌లో ఖాళీ చెయ్యండి.

ఆర్చెస్‌కి, దగ్గర్లోనే ఉన్న కెనియన్‌ల్యాండ్స్ పార్కుకి బండికి 30 డాలర్ల చొప్పున ఎంట్రీ. అమెరికాలో నివసించేవాళ్లకి నేషనల్ పార్కులన్నిటికీ పనికొచ్చే ఏడాది పాస్ 80. ఏడాదిలోపు ఎల్లోస్టోన్ కూడా వెళతారనుకుంటే పాస్ కొనడమే లాభం.

ఇంత చెప్పినా, పెద్ద ప్రయాణానికి ముందు ఒక చిన్నది చేసి తీరాలి. ముందు మీ డ్రైవ్‌వేలోనే ఒక రాత్రి క్యాంపర్లో పడుకోండి. ఏమైనా మర్చిపోతే వంటగదిలోకి వెళ్లి తెచ్చుకోకండి, కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఒక శనాదివారాలు ఓక్లహోమాలో చికసా నేషనల్ రిక్రియేషన్ ఏరియాకి వెళ్లండి. సల్ఫర్ అనే ఊరి పక్కనే ఉంటుంది, మీకు రెండు రెండున్నర గంటలు. ఊటలు, వాగులు ఉన్నాయి, బాబు ఆడుకుంటాడు. కొత్త క్యాంపర్లో ఏ స్క్రూ వదులుగా ఉందో, ఏ పైపు కారుతుందో, ఏ అల్మరా తలుపు దారిలో తెరుచుకుంటుందో అక్కడే బయటపడాలి. ఇంటికి రెండు గంటల దూరంలో బయటపడితే అది మామూలు రిపేరు. మోయాబ్ దాకా వెళ్లాక బయటపడితే సెలవులన్నీ దానికే పోతాయి. వారంటీ పని ఉన్నా ఈలోగా చేయించుకోవచ్చు.

ఆ రెండు రాత్రుల్లో మీరు బాగా అలవాటు చేసుకోవాల్సింది రూఫ్ ఎత్తడం, దించడం. ఎత్తడం సులువే. బయట చుట్టూ ఉన్న లాచ్‌లన్నీ తీశామో లేదో చూసుకుని ఎత్తాలి. ఒక్కటి పట్టి ఉన్నా మూల వంగిపోతుంది. దించడంలోనే ఓపిక కావాలి. తలుపో, పైన ఉన్న వెంటో తెరిచి ఉంచండి. లేకపోతే లోపలి గాలి బయటికి పోయే దారిలేక గుడ్డ బయటికి ఉబ్బి రూఫ్ అంచుకీ గోడకీ మధ్య నలుగుతుంది. అలా నలిగిన చోటే తర్వాత చిరుగుతుంది. కొంచెం కొంచెంగా దించుతూ, మీరు లోపల, మీ శ్రీమతి గారు బయట ఉండి చుట్టూరా గుడ్డని లోపలికి తోసుకుంటూ రావాలి. పైబెడ్ మీద దిళ్లు ఎత్తుగా పేర్చి ఉంటే రూఫ్ పూర్తిగా కూర్చోదు, బలవంతాన నొక్కి లాచ్ వేస్తే ఆ లాచ్ దారిలో ఊడుతుంది. లోపల పనయ్యాక వెంట్ మూశామో లేదో చూడండి. చివరికి లాచ్‌లన్నిటినీ చూడ్డమే కాదు, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని లాగి చూడాలి. ఆ పని మీ బాబుకి అప్పగించండి. చుట్టూ తిరిగి ఒక్కో లాచ్‌నీ ఫోన్‌తో ఫోటో తీసి మీకు చూపిస్తేనే బండి కదలాలి. పదేళ్ల పిల్లలు ఇలాంటి పని పెద్దవాళ్లకన్నా శ్రద్ధగా చేస్తారు, పైగా నలభై మైళ్లు వెళ్లాక "లాచ్ వేశామా?" అన్న అనుమానం పీకదు.

దాని తర్వాత ముఖ్యమైనవి క్యాంపర్‌ని బెడ్‌కి పట్టి ఉంచే టర్న్‌బకిల్స్. కొత్తగా ఎక్కించిన క్యాంపర్ మొదటి మైళ్లలో సర్దుకుని కాస్త జరుగుతుంది, అవి వదులవుతాయి. బయల్దేరిన 50 మైళ్లకి ఒకసారి, ఆ రోజు పెట్రోలు పోయించిన ప్రతిసారీ, మర్నాడు పొద్దున ఇంకోసారి చూడండి. మట్టిరోడ్డు ఎక్కి దిగినప్పుడల్లా కూడా. వదులుగా ఉంటే మాన్యువల్ చెప్పినంతే బిగించండి. బలంకొద్దీ తిప్పితే బెడ్‌లో వేసిన ఐబోల్టుల దగ్గర రేకు చిరుగుతుంది. కింద రబ్బరు మ్యాట్ వేశారా అని కూడా అడగండి. అది లేకపోతే క్యాంపర్ నున్నటి బెడ్ మీద జారుతుంది.

బాబు పైబెడ్ మీద పడుకుని రావడం కుదరదు. కదులుతున్న బండిలో క్యాంపర్లో మనుషుల్ని కూర్చోబెట్టడం మీద ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు ఉంది కానీ, ఎక్కడైనా అనుమతించినా సరే వద్దు. అక్కడ సీట్‌బెల్ట్ ఉండదు, పైగా మీ పాప్‌అప్‌లో రూఫ్ దించాక పైబెడ్‌కీ కప్పుకీ మధ్య మనిషి పట్టే చోటే ఉండదు. ఆ మాట బాబుకి ఇప్పుడే చెప్పేయండి, బయల్దేరే రోజు పొద్దున కాదు.

మీ శ్రీమతి గారి భయాలు మూడూ తీసిపారేయాల్సినవి కావు. ఎలుగుల సంగతి ఎల్లోస్టోన్ మానుకోవడంతో చాలావరకు తీరిపోతుంది. ఆర్చెస్ చుట్టుపక్కల ఎడారిలో మీకు ఎదురయ్యేవి ఎండ, గాలి, ఇసుక. ఎల్లోస్టోన్ వెళ్లినప్పుడు తిండి, పేస్టు, సబ్బుతో సహా వాసన వచ్చేవన్నీ పికప్ క్యాబ్‌లోనో, అక్కడ పెట్టిన ఇనప్పెట్టెలోనో పెట్టి తాళం వెయ్యాలి. ఎలుగులకీ తోడేళ్లకీ వంద గజాల దూరంలో ఉండాలన్నది అక్కడి చట్టం. ఏ ఊళ్లోనైనా సరే, పోపు మాత్రం బయట స్టవ్ మీదే పెట్టుకోండి. లోపల పెడితే ఆ నూనె వాసన గుడ్డకి పట్టి నెలలపాటు పోదు.

చలికి ఫర్నేస్ సరిపోతుంది. మే మధ్యలో మోయాబ్‌లో రాత్రుళ్లు మామూలుగా 50 ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉంటుంది. అసలు ఇబ్బంది తేమది. ముగ్గురి ఊపిరీ రాత్రంతా చల్లటి గుడ్డకి తగిలి తెల్లారేసరికి చుక్కలు కడుతుంది. చలేస్తోందని అన్నీ బిగించి పడుకోకండి. పైన వెంట్ ఒక వేలెడు, దానికి ఎదురుగా ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. గుడ్డ తడిగా ఉండగానే మడిచి బయల్దేరాల్సి వస్తే, ఆ సాయంత్రమే ఎక్కడ ఆగితే అక్కడ ఎత్తి ఆరబెట్టాలి. రెండు మూడు రోజులు అలాగే మూసి ఉంచితే బూజు పడుతుంది, ఆ మరక ఇక పోదు. వెచ్చదనం కోసం వంట స్టవ్ వెలిగించి ఎప్పుడూ పడుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాని అలారం, ప్రొపేన్ అలారం రెండూ బయల్దేరేముందు నొక్కి చూడండి. ప్రయాణంలో సిలిండర్ వాల్వ్ కట్టేసి ఉంచండి. గతుకుల రోడ్డు మీద నడిచాక సబ్బునీళ్లు జాయింట్ల మీద కొట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

గుడ్డ గోడకి పెద్ద శత్రువు గాలి. అమరిల్లో ప్రాంతంలో వసంతకాలంలో గాలి ఎంత తీవ్రంగా ఉంటుందో ఐ40 హైవే మీద వెళ్లినవాళ్లకి తెలుసు. బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపితే గోడల మీద ఒత్తిడి తగ్గుతుంది. గుడ్డ టపటపా కొట్టుకోవడం మించిపోయి బండే ఊగుతుంటే రూఫ్ దించేసి ముగ్గురూ క్యాబ్‌లో కూర్చోండి, లేదా మోటెల్‌కి వెళ్లిపోండి. ఆ ఖర్చుకి వెనకాడకండి. నడుపుతున్నప్పుడు కూడా ఇంతకుముందులా 75లో పోయే బండి కాదిది. 65 దగ్గర ఉంచండి, మీ ముందు వెళ్లే బండికి, మీకు అలవాటైనదానికన్నా రెట్టింపు దూరం వదలండి.

మీ బండి ఎత్తు ఎంతో ఇవాళే టేపుతో కొలవండి. రూఫ్ దించి, నేల నుంచి అన్నిటికన్నా పైనున్న వెంట్ మూత దాకా. వెడల్పు కూడా, అద్దాలతో కలిపి. అడుగుల్లో, అంగుళాల్లో రాసి సన్‌వైజర్ మీద అతికించండి. డ్రైవ్‌త్రూ కప్పులు, పార్కింగ్ గరాజ్‌లు మర్చిపోయిన రోజే తగులుతాయి. ఇంకో మాట: మాన్యుమెంట్ వ్యాలీ వైపు వెళ్లాలనిపించి జీపీఎస్ మిమ్మల్ని యూటా 261 మీదకి పంపితే వెళ్లకండి. అక్కడ మోకీ డగ్‌వే అని మూడు మైళ్ల కంకర ఘాట్‌రోడ్డు ఉంది, 11 శాతం వాలు, పక్కన లోయ. కొత్త లోడుతో నేర్చుకునే చోటు కాదది. 191వ నంబరు రోడ్డే పట్టుకోండి.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి సుమారు 30 నుంచి 50 ఆంప్‌అవర్లు (బ్యాటరీ నిల్వని కొలిచే లెక్క) తాగుతుంది, ఎండ పెరిగితే ఇంకా. బయల్దేరే ముందురోజే ఇంటి కరెంటు మీద దాన్ని చల్లబరచి, చల్లటి వస్తువులే లోపల పెట్టండి. రాత్రి ఫర్నేస్ ఫ్యాన్ కూడా బ్యాటరీనే వాడుకుంటుంది. మీది మామూలు లెడ్ బ్యాటరీ అయితే సగందాకానే వాడాలి. లిథియం అయితే గడ్డకట్టే చలిలో ఛార్జ్ చెయ్యకూడదు.

కొత్త నీళ్ల ట్యాంకు శుభ్రం చెయ్యకుండా ఆ నీళ్లు తాగొద్దు. 15 గ్యాలన్లకి పావు కప్పు మామూలు బ్లీచ్, వాసనలు కలపనిది, నీళ్లలో కలిపి పోసి, కుళాయిలోంచి బ్లీచ్ వాసన వచ్చేదాకా పంపు నడిపి, ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా కడిగేయండి.

సర్దుకోవడం గురించి అడిగారు. మీకు కావాల్సింది ఏం తీసేయాలన్న లిస్టు. ఇనప పెనాలు, రెండో స్టవ్, మడత టేబుల్, మనిషికి మూడో జత బూట్లు, పెద్ద కూలర్, పది రోజుల సరిపడా బియ్యం పప్పులు వదిలేయండి. దారంతా ఊళ్లే, సరుకులు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. వదలకూడనివి చిన్నవే: గాలి కొలిచే గేజ్, చిన్న కంప్రెసర్, టర్న్‌బకిల్స్‌కి సరిపోయే పానా, ఫ్యూజులు, గుడ్డకి అతికించే ప్యాచ్, చక్రాల కింద పెట్టే దిమ్మలు, తలకి పెట్టుకునే లైట్లు ముగ్గురికీ. మోయాబ్‌కి మనిషికి రోజుకి ఒక గ్యాలన్ తాగే నీళ్ల లెక్క పెట్టుకోండి, కానీ అవి అక్కడే కొనండి.

బయల్దేరేముందు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి క్యాంపర్ మీ పాలసీలో ఉందా, లేక దాన్ని బండిలో సామాను కింద లెక్కేస్తారా అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

తిరిగొచ్చిన సాయంత్రం అలసటగా ఉన్నా, సామాను దించాక రూఫ్ ఎత్తి ఒక రోజంతా ఎండ తగలనివ్వండి. ట్యాంకులో, పైపుల్లో మిగిలిన నీళ్లు వదిలేయండి, సిలిండర్ కట్టేయండి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచండి. క్యాంపర్‌ని దించి స్టాండ్ల మీద నిలబెట్టేటట్లయితే బ్యాటరీ స్విచ్ కూడా ఆపేయండి.